ఉప్పుగడ్డ పందెం

చమురు ధర కుప్పకూలిన ఆ వేసవిలో మా వీధి మొత్తం మీద పని పోనిది నాకొక్కదానికే. నాది పేకాట గనక.

టెక్సాస్‌లో మా ఒడెస్సా చమురు మీద బతికే ఊరు. ఏప్రిల్ దాటేసరికి మగాళ్ళందరూ పట్టపగలు ఇళ్ళ ముందు పికప్పులు కడుగుతూ కనిపించేవారు. కడిగిన బండినే మళ్ళీ కడిగేవారు. మా ఆయన లోవెల్ ఏళ్ళ తరబడి చమురు బావులు తవ్వే రిగ్గు మీద అజమాయిషీ చేసినవాడు. కంపెనీ అతని చేతికి ఒక టోపీ ఇచ్చి, భుజం తట్టి పంపేసింది. ఆ టోపీని చెత్తడబ్బాలో పారేశాడు. మర్నాడు తనే తీసి, దులిపి, పెట్టుకున్నాడు.

ఇంట్లో ముగ్గురం. నేను, లోవెల్, వాళ్ళమ్మ ఇర్మా. మా అత్తగారికి పేకముక్క కంటపడితే చాలు, సైతాను గడప తొక్కినట్టే. పేక ఇంట్లోకి రాకూడదని ఆవిడ షరతు. అందుకని అది పికప్పు అరలో ఉండేది. బుధవారం సాయంత్రం ఆవిడ చర్చికి వెళ్ళగానే లోవెల్ దాన్ని చొక్కాలో దాచుకుని వంటింట్లోకి తెచ్చేవాడు. పందెం బిళ్ళలకి బదులు మచ్చల చిక్కుడు గింజలు. ఆట అయ్యాక ఆ గింజలు మళ్ళీ డబ్బాలో పోసేసేవాళ్ళం. మర్నాడు ఆవిడ వాటినే ఉడకబెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, మొక్కజొన్న రొట్టెతో వడ్డించేది.

మేం ఆడే ఆట తేలికైనదే. ఒక్కొక్కరికి రెండేసి మూసిన ముక్కలు. బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా తెరిచేవి ఐదు: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. ప్రతిసారీ పందెం, కాసినదంతా మధ్యలో కుప్ప. ఎదుటివాడు కాసినంత మనమూ కలపాలి, లేదంటే ముక్కలు పడేయాలి. పందేనికి హద్దు లేదు, మన ముందున్నదంతా ఒక్కసారే తోసేయొచ్చు. ఏ ముక్క రావాలో మన చేతిలో లేదు గానీ ఎంత కాయాలన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంది. నేను గెలిచేది అక్కడే. మా నాన్న అంతే గెలిచేవాడు. ఆయన పోయాక హొయ్ట్ పొగమాంసం దుకాణం వెనకగదిలో ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను.

మే నెలలో ఒక బుధవారం, గింజలు నావైపు లాక్కుంటుంటే లోవెల్ నవ్వాడు.

"నీ సంగతి నాకు తెలిసిపోయిందే."

"ఏం సంగతి?"

"నీ చేతిలో ముక్కలు గట్టిగా ఉంటే మెత్తగా మాట్లాడతావు. కుప్పలో మూడో వంతు కాస్తావు. ముక్క ఇంకా పడలేదనుకో, కుప్పంత పందెం కాసి భయపెడతావు. మన కాపురంలో కూడా అంతే."

"అప్పుడప్పుడూ మార్చి కాస్తాను కదా!"

"మార్చినప్పుడు నీ చెయ్యి కొంచెం మెల్లగా కదుల్తుంది."

నాకు నవ్వొచ్చింది. కాస్త సిగ్గు కూడా వేసింది. నన్ను అంతలా చూసినవాడు ఇంకెవడూ లేడు. ఎద్దుల్ని దగ్గరికి రప్పించడానికి పొలంలో పెట్టే ఉప్పుగడ్డలా ఉందని నా చిన్న పందేనికి అతనే పేరు పెట్టాడు, ఉప్పుగడ్డ అని. ఎద్దు నాకుతూ నాకుతూ దొడ్లోకి వచ్చేస్తుంది.

"బయటివాళ్ళెవరూ కనిపెట్టలేరులే," అన్నాను. "కనిపెట్టాలంటే నాతో కాపురం చెయ్యాలి."

*

హొయ్ట్ దుకాణంలో శనివారం మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక ఆట మొదలయ్యేది. హొయ్ట్ పంచేవాడు, ఆడేవాడు కాదు. గదినిండా కట్టెల పొగ వాసన. కుర్చీలు నిండేవి గానీ లెక్కలోకి వచ్చేవాళ్ళు ఇద్దరే. ఒకరు ఎనిస్ గాండీ, గొర్రెలు పెంచే ముసలాయన, ఒక చెవి వినపడదు. పందెం గట్టిగా చెప్పకపోతే ఎనిమిదిని పద్దెనిమిది అనుకునేవాడు. రెండోవాడు రాయ్స్ టిల్లరీ. పైపుల యార్డు, లారీలు ఉన్నవాడు. ఊరు మునుగుతుంటే, మునిగినవాళ్ళ సామానంతా చవగ్గా కొని లావెక్కినవాడు.

"లోవెల్ ఏం చేస్తున్నాడు మిస్ మార్వా? గిన్నెలు బాగా తోముతున్నాడా?" అనేవాడు, నేను కూర్చోగానే.

"బ్రహ్మాండంగా. మీ ఇంటికి పంపమంటారా? మీ ఆవిడ వెళ్ళిపోయాక గిన్నెలు పేరుకుపోయాయని విన్నాను."

ఎనిస్‌కి సగమే వినపడేది గానీ పూర్తిగా నవ్వేవాడు.

జూన్ అంతా నాదే. ఒక శనివారం నా చేతిలో ఏమీ లేకుండా, ఆఖరి ముక్కకి కుప్పంత కాశాను. రాయ్స్ తన ముక్కలవైపు, నావైపు మార్చి మార్చి చూసి, చివరికి రాణుల జతని బల్ల మీదికి విసిరేశాడు.

"ఏముంది నీ దగ్గర?"

"తెలుసుకోవాలంటే పందెం కలపాల్సింది."

"వంటింటి ఆట," అన్నాడు పళ్ళ మధ్య నించి.

ఆ సాయంత్రం బండి దిగి, బజారు సంచులు రెండు చేతులా పట్టుకుని లోపలికి వస్తూ ఆ రాణుల సంగతి కేకవేసి మరీ చెప్పాను. లోవెల్ సంచులు అందుకుని, "భలే," అన్నాడు. కందిన మొహం అటు తిప్పుకున్నాడు. నేను పట్టించుకోలేదు. గెలిచి వచ్చినదాన్ని, నాకెందుకు పడుతుంది?

జూలై వచ్చేసరికి రాయ్స్ మారిపోయాడు.

నాకు మూడు రాణులు పడిన రోజున మూడో వంతు కాస్తే, మంచి ముక్కలే పట్టుకుని కూడా చిరునవ్వుతో పడేశాడు. ఇంకో ఆటలో నేను ఎదురుచూసిన ముక్క పడక, భయపెడదామని కుప్పంత కాస్తే, ఎనిమిదుల జత పట్టుకుని తాపీగా కలిపేశాడు. ఎనిమిదుల జత! ఎదుటివాడి ముక్కలు అద్దంలో కనిపిస్తే తప్ప ఆ జతతో అంత పందెం ఎవడూ కలపడు. నేను నిజంగానే నా వెనక అద్దం ఉందేమోనని చూశాను. మాంసం ధరల బోర్డు ఉంది. ముక్కల మీద గోటి గుర్తులున్నాయేమోనని తడిమాను. కొత్త పేక తెప్పించమని అడిగితే హొయ్ట్ ఒకటికి రెండు విప్పాడు. ఏం మారలేదు. ఎనిస్‌తో ఆడితే గెలుస్తున్నాను, మిగతావాళ్ళతో గెలుస్తున్నాను. రాయ్స్ దగ్గరికి వచ్చేసరికి చొక్కా విప్పి నిలబడ్డట్టుగా ఉండేది.

ఇంటికి వస్తే లోవెల్ నా కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని నొక్కేవాడు.

"నీ తప్పేం లేదే. ముక్కలు రావట్లేదు, అంతే. ఈ చెడుగాలి పోతుంది."

"ముక్కలు వస్తున్నాయి లోవెల్. వచ్చినప్పుడు వాడు ఉండట్లేదు."

"అలిసిపోయావు. కొన్నాళ్ళు మానేయరాదూ?"

ఆ నెలలో అతను నాతో ఎంత మంచిగా ఉన్నాడో! పెళ్ళైన కొత్తలో కూడా అంత లేడు.

జూలై చివర్లో ఒక శనివారం, బల్ల మీద రెండు జాకీలు తెరుచుకున్నాయి. మూడోది నా చేతిలో ఉంది. మిగతావాళ్ళు పడేశారు. రాయ్స్ ఒక్కడే ఎదురుగా. అలవాటు కొద్దీ చిన్న దొంతర ముందుకి జరిపాను, కుప్పలో మూడో వంతు. రాయ్స్ వెనక్కి వాలి పొట్ట నిమురుకున్నాడు. ముక్కలు హొయ్ట్ వైపు తోశాడు.

"నీ ఉప్పుగడ్డ నాకొద్దమ్మా," అన్నాడు. "ఇవాళ నాకు దాహంగా లేదు."

"ఉప్పుగడ్డేంటి?" అన్నాడు ఎనిస్, మంచి చెవి ముందుకి పెట్టి.

"ఏదో మాట వరసకన్నాన్లే."

నేను కుప్ప నావైపు లాక్కున్నాను. బిళ్ళల్ని రంగుల వారీగా దొంతర పెట్టాను. హొయ్ట్ ముక్కలు కలుపుతున్నాడు. ఐస్ టీ కావాలా అని ఎవరో అడిగితే, కావాలి, నిమ్మకాయ వద్దు అన్నాను.

*

ఇంటికి వెళ్ళే దారిలో బండి ఆపి దిగాను. చమురు తోడే పంపుజాక్ ఒకటి ఆగిపోయి, తల వాల్చి ఉంది. రోడ్డు పక్కన రాళ్ళు ఏరి దాన్ని కొట్టాను. కొన్ని తగిలాయి, కొన్ని తగల్లేదు. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టి, మళ్ళీ బండెక్కాను.

"ఎలా ఉంది ఆట?" అన్నాడు లోవెల్.

"బాగుంది."

భోజనాల దగ్గర మా అత్తగారే మిగతాది చెప్పింది. ఆవిడకి ఏదీ దాచడం రాదు.

"దేవుడు కళ్ళు తెరిచాడే పిల్లా. ఆ టిల్లరీ గారు సెప్టెంబరు నించి మన లోవెల్‌ని యార్డులో అజమాయిషీకి పెట్టుకుంటాట్ట. గురువారం గురువారం పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడుతున్నాట్ట."

"ఇంకా ఖాయం కాలేదమ్మా," అన్నాడు లోవెల్, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. "ఖాయమయ్యాక మార్వాకి నేనే చెబుదామనుకున్నాను."

బుధవారం వంటిల్లు. గురువారం యార్డు. శనివారం హొయ్ట్ దుకాణం.

"సంతోషం," అన్నాను. "ఇంకో రొట్టెముక్క వెయ్యనా?"

ఎందుకు అరవలేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అరిస్తే ఆ పూటతో అయిపోతుంది. అతను ఏడుస్తాడు, నేను ఏడుస్తాను, రాయ్స్ మాత్రం యార్డులో కాళ్ళు బారజాపుకుని కూర్చునే ఉంటాడు. నా కోపం అంత చవగ్గా వదిలించుకునేది కాదు. గట్టి ముక్కలున్నప్పుడు మెత్తగా ఉంటానని అన్నది అతనే కదా. ఉన్నాను.

ఆ తర్వాతి బుధవారాలు నాకిప్పటికీ ఒళ్ళు మండిస్తాయి. అత్తగారు చర్చికి వెళ్ళేది. అతను పేక తెచ్చేవాడు. గింజలు పంచుకునేవాళ్ళం. నేను ఎప్పటిలాగే ఆడాను, ఒక్క వెంట్రుక కూడా మార్చలేదు. నా చెయ్యి ఆగినప్పుడల్లా అతని కళ్ళు దాని మీదికి వెళ్ళేవి. ఒకప్పుడు ఆ చూపు నాకు ముద్దుగా ఉండేది.

"చూశావా, మెల్లగా కదిలింది. మార్చి కాశావు," అనేవాడు.

"దొరికిపోయాను," అనేదాన్ని.

శనివారాలు రాయ్స్‌తో చిన్న చిన్న కుప్పలు పోగొట్టుకున్నాను. వాడు నమ్మిన లెక్క తప్పకూడదని, గట్టిగా ఉన్నప్పుడు చిన్నది, లేనప్పుడు పెద్దది, బుద్ధిగా కాశాను. ఆ లెక్క ఒక్కసారే తలకిందులు చెయ్యగలను. రెండోసారి వాడు నమ్మడు. ఆ ఒక్కసారి చిల్లరకి ఖర్చు పెట్టకూడదు.

*

ఆగస్టులో, ఎండకి తారు మెత్తబడి చెప్పులకి అంటుకునే రోజున, నాకు రెండు ఏడులు వచ్చాయి.

రాయ్స్ పెంచాడు. నేను కలిపాను. తక్కినవాళ్ళు పడేశారు. హొయ్ట్ మూడు ముక్కలు తెరిచాడు: ఆఠీన్ రాజు, ఆఠీన్ ఏడు, కళావరు నాలుగు.

నాకు మూడు ఏడులు. బల్ల మీద రెండు ఆఠీన్లు. చేతిలో ఇంకో రెండు ఆఠీన్లు పట్టుకుని, ఐదూ ఒకే రంగై గెలవడానికి ఇంకొక్కటి పడితే చాలని కాసుక్కూర్చున్నవాళ్ళు ఎలా కాస్తారో అలా కాయడానికి ఇంతకంటే మంచి బల్ల దొరకదు. నా చెయ్యి అలవాటు కొద్దీ చిన్న దొంతర దగ్గరికి వెళ్ళబోయింది. దాన్ని వెళ్ళనివ్వలేదు. కుప్పంత పందెం, చటుక్కున, ఎక్కడా ఆగకుండా ముందుకి తోశాను.

రాయ్స్ నా మొహం చూడలేదు. నా చెయ్యి చూశాడు. మా ఇంటి వంటగది బల్ల మీద లోవెల్ ఎక్కడ చూస్తాడో, సరిగ్గా అక్కడ.

"కలిపాను," అన్నాడు.

నాలుగో ముక్క ఇస్పేట్ రెండు. ఎవరికీ పనికొచ్చేది కాదు. మళ్ళీ కుప్పంత కాశాను. ఇప్పుడది చిన్న కుప్ప కాదు. ఎనిస్ తన ఐస్ టీ గ్లాసు పక్కకి జరిపి ముందుకి వంగాడు. రాయ్స్ ఈసారి కాస్త ఆగి కలిపాడు.

ఆఖరి ముక్క డైమండు తొమ్మిది. ఆఠీన్ పడలేదు.

వాడి దగ్గర ఏముందో నాకు దాదాపు తెలుసు. మూడు రాజులే ఉంటే, ఆఠీన్ల భయానికి ఎప్పుడో పెంచేసేవాడు. నెమ్మదిగా కలుపుతూ వచ్చాడంటే రాజుల జత ఉంది, దానికి తోడు పెద్ద ముక్కొకటి. బల్లని బట్టి అది గెలిచే జత కాదు. నా మీద వాడు కొనుక్కున్న సమాచారాన్ని బట్టి గెలిచే జత.

ఇక ఎంత కాయాలన్నదే ప్రశ్న. మూడో వంతు కాస్తే వాడికి ఉప్పు వాసన తగిలి పారిపోతాడు. కుప్పంత కాస్తే కలుపుతాడు, అది ఖాయం. నా ముందు ఇంకా కుప్పకి రెండింతలుంది. మొత్తం తోస్తే?

కోపంతో తోస్తున్నానా, లెక్కతో తోస్తున్నానా అని నన్ను నేను అడిగాను. కోపంతో కాసినవాళ్ళ బిళ్ళలతోనే మా నాన్న నన్ను పెంచాడు. ఎదురుగా ఎనిస్ ఉంటే ఇంత కాస్తానా? కాయను. అంత పెద్ద పందెం చూస్తే ఆయన రాజుల జత పడేస్తాడు, ఎందుకంటే ఆయనకి తెలిసింది బల్ల మీద ఉన్నదే. రాయ్స్ పడెయ్యడు. నేనెంత పెద్దది కాస్తే అంత పెద్ద అబద్ధమని వాడి నమ్మకం. పైగా వాడికి కావలసింది కుప్ప ఒక్కటే కాదు. నేను బోర్లా పడటం అందరూ చూడాలి. దానికి వాడు ఎంతైనా ఇస్తాడు.

రెండు చేతులూ దొంతరల వెనక పెట్టి, ఉన్నదంతా తోశాను. చటుక్కున.

రాయ్స్ మొహం వెలిగిపోయింది.

"ఆఠీన్ పడలేదు కదమ్మా?" అన్నాడు ముద్దుగా, చిన్నపిల్లని ఓదార్చినట్టు. "పాపం. కలిపాను."

ఆసు, రాజు తిప్పి పరిచాడు. నేను నా ముక్కలు రెండూ ఒకదాని పక్కన ఒకటి, బల్ల మీద ఏడు కిందికి జరిపి పెట్టాను.

ఎనిస్ వంగి ఏడుల్ని వేలితో లెక్కపెట్టాడు.

"ఇది... ఇలా ఎలా?" రాయ్స్ లేచి నిలబడ్డాడు. "గట్టిగా ఉంటే చిన్నది కదా కాస్తావు! పెద్దది కాస్తే నీ దగ్గర ఏమీ ఉండదని వాడు..."

"వాడెవడు?" అన్నాడు ఎనిస్. ఆ మాట మాత్రం ఆయనకి శుభ్రంగా వినపడింది.

రాయ్స్ మెడ ఎర్రబడింది. అక్కడ ఆగినా బాగుండేది. "ఈవిడ మొగుడే! ప్రతి వారం నా యార్డుకొచ్చి, నా కాఫీ తాగి, పని ఇప్పించమని దేబిరించి మరీ చెప్పాడు. ఇద్దరూ కలిసి నన్ను ముంచారు!"

"అంటే," అన్నాడు ఎనిస్ నెమ్మదిగా, టోపీ చేతిలోకి తీసుకుని, "ఈ అమ్మాయితో ఆడటం చాతకాక మొగుణ్ణి కొనుక్కున్నావా? థూ."

హొయ్ట్ ముక్కలన్నీ పోగుచేసి అట్టపెట్టెలో పెట్టాడు. రాయ్స్‌ని ఏమైనా అంటాడని చూశాను. వారానికోసారి రాయ్స్ యార్డు మనుషులందరికీ భోజనాలు ఆ దుకాణం నించే వెళ్తాయి. హొయ్ట్ నావైపు తిరిగాడు.

"మార్వా, ఏమనుకోకు. కొన్ని వారాలు నువ్వు రాకపోతేనే మంచిది. ఇంటి గొడవలు ఇక్కడికి తేవొద్దమ్మా."

"నేను తేలేదు హొయ్ట్," అన్నాను. "అది నాకంటే ముందే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. నువ్వే దానికి టీ పోశావు."

నా బిళ్ళలు మార్చి ఇచ్చేటప్పుడు హొయ్ట్ కళ్ళు ఎత్తలేదు. ఎనిస్ నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. అంతే. ఆ గదిలోంచి ఇంకెవరూ లేవలేదు.

*

ఇంటికి వచ్చేసరికి లోవెల్ పైకప్పు మీద ఉన్నాడు. కూలర్‌కి కొత్త గడ్డి పలకలు బిగిస్తున్నాడు. చొక్కా విప్పి నెత్తికి చుట్టుకున్నాడు.

"తొందరగా వచ్చేశావే!" అన్నాడు పైనించి.

"ఉప్పుగడ్డ సంగతి రాయ్స్‌కి ఎవరు చెప్పారు లోవెల్?"

అతని చేతిలోని పలకలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏ ఉప్పుగడ్డ?"

నేను నిచ్చెన పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. అది గోడ గీసుకుంటూ వచ్చి ఎండుగడ్డి మీద పడింది.

"మార్వా! పిచ్చా నీకు? నిచ్చెన పెట్టు, ఇక్కడ పెనం మీదున్నట్టుంది!"

"చెప్పు, పెడతాను."

అతను ఒక కాలి మీదనించి ఇంకో కాలి మీదికి మారాడు. పక్కింటాయన కడుగుతున్న బండి వదిలేసి గొట్టం పట్టుకుని నిలబడిపోయాడు.

"మొదట నీ గురించి గొప్పలు చెప్పానంతే," అన్నాడు చివరికి. "పని అడగడానికి వెళ్ళాను. కుర్చీ వేసి కూర్చోమన్నాడు. ఏప్రిల్ నించి నన్నెవడూ కూర్చోమనలేదే. మీ ఆవిడ అంత బాగా ఎలా ఆడుతుందయ్యా అన్నాడు. నాకు తెలిసింది అదొక్కటే కదా మిగిలింది, నువ్వెలా ఆడతావో. చెప్పాను."

"తర్వాత?"

"తర్వాత మళ్ళీ పిలిచాడు. పని మాటెత్తాడు."

"అమ్మావు."

"మన కోసమే! నాకు పనొస్తే నువ్వా పొగగదిలో కూర్చోవాల్సిన ఖర్మ ఉండదు కదా!"

అప్పటిదాకా నా గొంతు నా అదుపులోనే ఉంది. ఆ మాటతో పోయింది.

"ఖర్మా? నాకు చేతనైన ఒకే ఒక్క పని అది! దాంతోనే కదా ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది! నేను ఓడిపోతే నీకు బాగుంటుంది, అంతేనా? నా కాళ్ళు నొక్కావు! నా కాళ్ళు నొక్కుతూ మానేయరాదా అన్నావు!"

"నువ్వు ఆ సంచులతో నవ్వుకుంటూ లోపలికి వస్తుంటే నాకెలా ఉండేదో నీకు తెలుసా?"

"తెలీదు! రాయ్స్‌కి చెప్పినదాంట్లో పావు వంతు నాకు చెప్పి ఉంటే తెలిసేది!"

మా అత్తగారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఏంటా కేకలు? నిచ్చెన కింద పడిందేం? అబ్బాయి ఎండకి మాడిపోతాడే."

"అత్తయ్యా, వంటింట్లో నేను ఈయనతో మాత్రమే అనుకున్న మాటలు తీసుకెళ్ళి ఆ టిల్లరీకి ఇచ్చాడు. నన్ను ఓడించడానికి. ఉద్యోగం అందుకే."

"వంటింట్లో మాటలా? ఏం మాటలు?"

"పేకాట మాటలు."

"నా వంటింట్లో పేకా?" అంది. ఆవిడ కళ్ళు వంటింటి కిటికీ దాకా వెళ్ళి వచ్చాయి. "ఆ సంగతి తర్వాత తేలుస్తాను." తల పైకెత్తింది. "లోవెల్, ఇది నిజమేనా?"

"ముందు నిచ్చెన పెట్టమ్మా."

"నిజమేనా అని అడిగాను."

"...నిజమే."

ఆవిడ నిచ్చెన దగ్గరికి నడిచింది. వంగింది. ఎత్తుతుందనుకుని నేను అడ్డం వెళ్ళబోయాను. దాని కింద నలిగిన బంతిమొక్కని తప్పించి, నిలబెట్టి, మట్టి అదిమింది.

"ఇంకాసేపు అక్కడే ఉండు," అని కొడుకుతో చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

చివరికి పక్కింటాయన నిచ్చెన పెట్టి దింపాడు. అరిచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. వాటికి వెన్న రాసింది వాళ్ళమ్మే గానీ, రాయగానే బంతిమొక్కకి నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయింది.

రాయ్స్ యార్డులో ఆ ఉద్యోగం మరి లేదు. ఆర్కాన్సాస్‌లో లోవెల్ మేనమామకి కోళ్ళ ఫారం ఉంది. అక్కడికి వెళ్తానన్నాడు. నేను వద్దనలేదు. వాళ్ళమ్మని కూడా రమ్మన్నాడు. "నాకు ఇక్కడ చర్చి ఉంది," అంది ఆవిడ. ఆర్కాన్సాస్‌లో చర్చిలు లేవా అని అతను అడగలేదు.

బయల్దేరిన ఉదయం సంచి భుజాన వేసుకుని గడప దగ్గర ఆగాడు. క్షమించమంటాడేమో, ఏమనాలా అని రాత్రంతా మాటలు నూరి పెట్టుకున్నాను. అతను అడిగింది అది కాదు.

"మార్వా, ఒక్కటి చెప్పు. ఆఖరి ముక్కకి ఎంత తోశావు?"

ఆ ఆట చూసినవాళ్ళలో ఒక్కరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. గెలిచానన్నారు, ఏడులన్నారు, అదృష్టం అన్నారు. కుప్పంత కాస్తే సరిపోయేదానికి అంత ఎందుకు తోశానో, ఎక్కడ ఆగి ఏం లెక్క వేశానో, సగం చెప్పగానే మిగతా సగం అందుకోగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే, వాడు సంచి వేసుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. నాలుక చివరిదాకా వచ్చింది.

"రాయ్స్‌ని అడుగు," అన్నాను.

తల ఊపాడు. మెట్లు దిగి, మేనమామ కారెక్కాడు. కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను, నిజంగా వెళ్ళాడని ఖాయం చేసుకోవడానికి. తర్వాత లోపలికొచ్చి తలుపు ఎంత గట్టిగా వేశానంటే పై బందు ఊడొచ్చింది. దాన్ని బిగించడానికి సొరుగుల్లో స్క్రూడ్రైవర్ వెతుకుతూ, నా పెదవులు కదులుతున్నాయని కాసేపటికి గమనించాను. ఆ ఆట మొత్తం, మొదటి పందెం నించీ, అతనికే చెబుతున్నాను.